దెబ్బ తగలకపోయినా నొప్పి ఉంటుంది
(ఓపీ వద్ద వేచి ఉన్న కుటుంబాలకు ఇచ్చిన ప్రసంగం)



మీ వంతు వచ్చేలోగా ఒక్క విషయం చెబుతాను. నా పొరపాటుతోనే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల క్రితం ఒక తల్లి తన 11 ఏళ్ల బాబును కడుపునొప్పి అని మూడుసార్లు తీసుకొచ్చింది. రక్తపరీక్ష, మూత్రపరీక్ష, స్కానింగు అన్నీ బాగానే ఉన్నాయి. మూడోసారి నేను, "బడి ఎగ్గొట్టడానికి నాటకాలా?" అని కసిరాను. బాబు తల వంచుకున్నాడు. అంతలో పక్కగదిలో ఎవరిదో చేయి జారి ట్రే కింద పడింది. ఆ చప్పుడుకు వాడు బల్ల కిందికి దూరిపోయాడు.

అప్పుడు తల్లిని పక్కకు పిలిచి అడిగాను. వాళ్ల సందు మొదట్లో బెల్టుషాపు ఉందట. రాత్రయితే తిట్లు, సీసాలు పగలగొట్టుకోవడం. నెల కిందట బాబు కళ్లెదుటే ఒకతన్ని కత్తితో పొడిచారట. "మావాడికి దెబ్బేం తగల్లేదు కదా సిస్టర్, అందుకే చెప్పలేదు" అన్నది. నేను ఆ బాబును క్షమించమని అడిగాను.

దెబ్బ తగలకపోయినా ఒంట్లో ఏం జరుగుతుందో వినండి. మన మూత్రపిండాల పైన అడ్రినల్ అనే చిన్న గ్రంథులు ఉంటాయి. భయం వేస్తే అవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోనులను రక్తంలోకి వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, రక్తపోటు పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణం మందగిస్తుంది. ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి ఇది మంచిదే. ప్రమాదం పోయాక అన్నీ సర్దుకోవాలి. కానీ రోజూ గొడవే అయితే ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది.

అందువల్ల కడుపునొప్పి, తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్రలో ఉలిక్కిపడటం వస్తాయి. మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవుతుంది. పరీక్షలో కనబడలేదని నొప్పి అబద్ధం కాదు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా గాఢనిద్రలోనే వస్తుంది కాబట్టి నిద్ర చెడితే నష్టమే. ఉబ్బసం ఉన్న పిల్లలకు మరీ కష్టం. అమెరికాలో 7 నగరాల పిల్లలపై చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, చుట్టుపక్కల హింస ఎక్కువైన కొద్దీ ఉబ్బసంతో బాధపడిన రోజులూ ఎక్కువగా కనబడ్డాయి. ఇంట్లో పెద్దలకు కూడా నిద్రలేని రాత్రులు పెరిగాయి. భయం ఏళ్ల తరబడి సాగితే పెద్దయ్యాక రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది.

మీరు చేయవలసినవి:

1. వీధిలో, ఊళ్లో జరిగిన గొడవ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

2. అంతా భయమే అని మీరే తేల్చుకోకండి. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, నొప్పితో నిద్ర లేవడం ఉంటే వెంటనే చూపించండి.

3. ఉబ్బసం మందు సొంతంగా ఆపకండి. ఇన్‌హేలర్ రాత్రిపూట చేతికి అందేచోట ఉంచండి.

4. వీధివైపు కాకుండా లోపలివైపు, పెద్దవాళ్ల పక్కన పడుకోబెట్టండి. అన్నం, ఆట, నిద్ర రోజూ ఒకే వేళకు ఉండేలా చూడండి.

5. గొడవ సంగతులు పిల్లల ముందు మళ్లీ మళ్లీ చెప్పుకోకండి. ఫోనులో ఆ వీడియోలు చూపించకండి. వాళ్లంతట వాళ్లు చెబితే ఓపికగా వినండి. "మగపిల్లాడివి, భయమేంట్రా" అనకండి.

6. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యునికి చూపించండి. అది పిచ్చి కాదు, సిగ్గుపడవలసిన పని లేదు. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు. పిల్లలకు ఆపద ఉంటే 1098కి, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112కి చేయండి.

ఆ బాబును కొన్నాళ్లు అమ్మమ్మగారింట్లో పడుకోబెట్టారు. నిద్ర పట్టింది, నొప్పి చాలావరకు తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, ఎందుకంటే బెల్టుషాపు అక్కడే ఉంది. దాన్ని తీయించడం ఊరి పెద్దలందరూ కలిసి చేయవలసిన పని. అది కూడా పిల్లలకు వైద్యమే.

ఈరోజు లోపలికి వెళ్లినప్పుడు నొప్పి ఎక్కడో చెప్పండి. బిడ్డ ఏం చూశాడో, ఏం విన్నాడో కూడా చెప్పండి. మేము అడగడం మరచిపోతే మీరే చెప్పండి.