పాట వేసే చోటు కూడా మనదే

(రాజమండ్రిలో యువతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంక్రాంతికి మన గోదావరి జిల్లాల్లో రికార్డింగ్ డాన్సులు చూస్తూ పెరిగాం. స్టేజి మీద ఆడేది స్త్రీ. పాట వేసేది, బేరం కుదిర్చేది, డబ్బు లెక్కపెట్టేది ఎక్కువగా మగవాళ్లే. ఇప్పుడు మన అమ్మాయిలు విశాఖ, హైదరాబాదు క్లబ్బుల్లో డీజేలుగా పాట వేసే చోటికే వస్తామంటున్నారు. వాళ్లకి మనం ఏం చెప్పాలి?

ఆ ఉద్యోగానికి దరఖాస్తు డెమో మిక్స్. అరగంట చాలు. ముందు తోడు తీసుకుని ఆ క్లబ్బుకి వెళ్లి, ఏ పాటకి జనం కదులుతున్నారో చూడండి. మొదటి రెండు నిమిషాల్లోనే మీ పనితనం తెలియాలి. ఒక పాట దరువు తర్వాతి పాట దరువుతో కలిసేలా వేగం సరిచూసుకోండి. కంప్యూటర్‌లో అతికించి దిద్దకండి. రేపు జనం ముందు చేతులతో చేసి చూపాల్సింది మీరే. పాటల జాబితా జతచేయండి. ఫొటో అడిగితే, "ముందు మిక్స్ వినండి" అనండి.

ఆర్కెస్ట్రా బార్లలో స్త్రీలు ఇంతమందే ఉండాలన్న మహారాష్ట్ర షరతును 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. రక్షణ పేరుతో బతుకుతెరువు మూయడం చెల్లదని దాని సారాంశం.

ఉద్యోగం వచ్చాక జీతం, పని గంటలు, రాత్రి ఇంటికి చేర్చే బండి కాగితం మీద రాయించుకోండి. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట వేధింపు ఎదురైనా, 2013 చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఆ కాగితం చదివి పెట్టడం, ఆ ఫిర్యాదు వెంట నడవడం మన సంఘాల పని.