రౌంట్రీ గీత, మా అమ్మ లెక్క

 

ఎలక్ట్రికల్ ఇంజనీరుకి మైకు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ల సంగతి మొదలుపెడతాడేమోనని మీలో కొందరికి భయం ఉండొచ్చు. ఈ పూట అది కాదు. యాభై దాటాక నేను దూరవిద్యలో ఎం.ఏ. సోషియాలజీ కట్టాను. అందులో కుటుంబం, పేదరికం అన్న భాగాన్ని పరీక్ష ముందు వారం రోజులు మర్రిపాడులో మా వసారాలో కూర్చుని తిరగేశాను. మన బళ్లో అలవాటైనట్టు పైకే చదివాను. అమ్మ చింతపండులో గింజలు తీస్తూ వింది. విని ఊరుకోలేదు.

మొదట ఉమ్మడి కుటుంబం. గుజరాత్‌లోని మహువా పట్టణం మీద ఐ.పి. దేశాయ్ రాసిన పుస్తకం 1964లో వచ్చింది. పొయ్యిలు వేరైనంత మాత్రాన ఉమ్మడితనం పోదు, ఆస్తి, బాధ్యతలు కూడా చూడాలంటారాయన. అది చదవగానే అమ్మ, "మీ చిన్నాయనోళ్లు వేరు పడినప్పుడు పొయ్యే వేరయింది అబ్బయా, అప్పు వేరు కాలా" అంది. ఆ పాఠం నేను మళ్లీ చదవలేదు, అవసరం లేకపోయింది.

తర్వాత రౌంట్రీ. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో 1899లో ఇల్లిల్లూ సర్వే చేయించి, 1901లో పుస్తకం వేశాడు. కూలివాడి జీవితంలో లేమి మూడుసార్లు వస్తుందని చూపించాడు: తాను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, తనకు చిన్నపిల్లలు ఉన్నప్పుడు, ముసలితనంలో. మధ్యలో కాస్త తెరిపి. మా సబ్‌స్టేషన్ లోడ్ కర్వ్ లాగే ఉందనిపించి నోటు పుస్తకంలో గీత గీసి అమ్మకు చూపించాను. మొదటి గుంట నాకే గుర్తుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చేదాకా మా ఇంట్లో వరన్నం పండగనాటి సంగతి. రెండో గుంట అమ్మ తనదంది. మూడో దాని మీద వేలు పెట్టి, "నువ్వు డబ్బులు పంపిస్తుండావు గనక నాకు ఈ గుంట లేదు. ఈ వీధిలో ఎన్ని ఇళ్లలో ఉందో తెలుసునా?" అంది. మన మెట్ట ఊళ్ల నుంచి పిల్లలు బెంగుళూరుకో చెన్నైకో పోయాక మిగిలిన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. రౌంట్రీ పేదరికాన్ని రెండు రకాలుగా విడదీశాడు. వచ్చే కూలి ఎంత పొదుపుగా వాడినా తిండికి, బట్టకు చాలకపోతే మొదటి రకం. కూలి చాలినంత ఉన్నా వేరే ఖర్చులకు పోతే రెండో రకం. ఆ ఖర్చుల్లో తాగుడు ముఖ్యమైనది. అమ్మ గింజలు తీయడం ఆపి, "ఆ తాగుడు డబ్బు ఇంటి లెక్కలోనే రాశాడా, అమ్మేవాడి లెక్కలో కూడా రాశాడా?" అని అడిగింది.

రౌంట్రీకి న్యాయం చేయాలంటే, తాగుడు కూడా చాలాసార్లు దుర్భర పరిస్థితుల ఫలితమేనని ఆయనే రాశాడు. కానీ అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు యార్క్‌లో లేదు, మన పక్కనే కలిగిరి మండలం దూబగుంటలో ఉంది. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ చదివి, అది తమ కథేనని గుర్తుపట్టి, ఊళ్లోకి సారా రానివ్వలేదు. వర్ధినేని రోశమ్మ పేరు మీ అందరికీ తెలిసిందే. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకింది. నెల్లూరులో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. నాకు ముఖ్యంగా తోచేది ఆ వేలంపాటల సంగతే. మగాడి బుద్ధి మార్చుకోమని ఇంట్లో ఏడ్చి ఊరుకోకుండా, సర్కారు పాట పాడి అమ్మే సరుకు దగ్గరికే పోయి నిలబడ్డారు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో సడలించారు. ఖజానాకు డబ్బు కావాలన్నారు, అమ్మ చెప్పిన అమ్మేవాడి లెక్క అదే.

పేదలకు తమదంటూ ఒక సంస్కృతి ఉంటుంది, అది తరాల తరబడి ఇంట్లోంచే సాగుతుంది అని ఆస్కార్ లూయిస్ 1959 నుంచి మెక్సికో కుటుంబాల మీద రాస్తూ వచ్చాడు. పుస్తకంలో దానికి నాలుగు పేజీలు ఇచ్చారు. నాకు ఒప్పుదల కాలేదు. సారా ఆగగానే ఈ జిల్లా ఆడవాళ్లే రోజుకో రూపాయి దాచుకుంటూ పొదుపులక్ష్మి సంఘాలు పెట్టారు. దాచుకోవడం తెలియని సంస్కృతి అయితే, ఆ రూపాయి ఎక్కడి నుంచి వచ్చింది? పరీక్షలో లూయిస్ మీద ప్రశ్న వచ్చింది. ఇదే రాశాను. దిద్దినవారు మంచి మార్కులే వేశారు.

ఒక మనవి చేసి కూర్చుంటాను. ఆనాడు రాత్రి బడిలో పలక పట్టినవాళ్లకు ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లు. మన బడి సోషల్ అయ్యవార్లు ఈ ఏడు పదో తరగతి పిల్లల చేత వాళ్ల అవ్వలను అడిగించి, చెప్పింది చెప్పినట్టు రాయించండి. ఎన్ని నోటు పుస్తకాలు నిండితే అన్నీ అచ్చు వేయించే ఖర్చు నాది.