క్రొత్త యిల్లు, ప్రాత నేల

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. కట్టు శ్రమ మనకు వలదు, కట్టిన యింటినే కొందమని తలచు కుటుంబములు నేడు తిరుపతిలోను, చిత్తూరులోను పెక్కు గలవు. ఉద్యోగము చేసికొను దంపతులకు ఇటుక, ఇసుక, మేస్త్రీ, కూలీ అని తిరుగుటకు తీరిక యెక్కడిది? మొన్నటి వరకు వరి, చెరకు పండిన మళ్ళలో నేడు రంగులు వేసిన యిండ్లు వరుసగా నిలిచి, అమ్మకపు పలకలతో మనలను పిలుచుచున్నవి. అట్టి యింటిని కొనుటవలన గల లాభములేవి, కొనుటకు ముందు విచారింపవలసినవి యేవి అనునదే నేటి మా ప్రసంగము.

ముందు లాభములు చెప్పుదము. కాగితము మీది నక్షాను చూచి కాక, కంటి యెదుట నిలిచిన యింటిని చూచి కొనుట మొదటి లాభము. వంటగదిలో వెలుగున్నదా, పడకగదికి గాలి వచ్చునా అనునది ఇల్లాలు స్వయముగా తిరిగి చూచి చెప్పగలదు. కొన్న వెంటనే కాపురము పెట్టవచ్చును గనుక, ఒక చేత అద్దెయు, మరియొక చేత బ్యాంకు వాయిదాయు కట్టవలసిన బాధ తప్పును. విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు క్రొత్తవి గనుక కొన్ని సంవత్సరముల వరకు మరమ్మతు వ్యయము స్వల్పము. పన్ను విషయమున గూడ కొంత మేలు కలదు. కట్టడము పూర్తియై, నివాసయోగ్యతా పత్రము వచ్చిన పిమ్మట అమ్మిన యింటిపై జి.ఎస్.టి. లేదు. కట్టుచుండగా కొన్నచో నూటికి 5, తక్కువ ధర గృహములకు 1 చొప్పున ఆ పన్ను చెల్లింపవలెను.

ఇన్ని లాభములున్నను, క్రొత్త యింటిలో ఒక లోపము కలదు. ప్రాత యిల్లు తన గుణదోషములను తానే చెప్పును. ఎన్ని వానలకు తడిసినది, ఎక్కడ కారినది, ఏ గోడ బీటలు వారినది అన్నియు కంటికి కనబడును. క్రొత్త యిల్లు ఒక్క వాననైనను చూచి యుండకపోవచ్చును. దాని చరిత్రను ఇంటిని కాదు, నేలను అడుగవలెను. ఇల్లు క్రొత్తదే గాని నేల ప్రాతది.

ఈ మాట మాకొక పశువుల కాపరి నేర్పినది. కొన్ని యేండ్ల క్రిందట వైశాఖ మాసమున, తిరుపతి పొలిమేరలో ఒక క్రొత్త యింటిని చూడబోతిమి. పాలరాతి గచ్చు, టేకు తలుపు చూచి మురిసి బయానా యిచ్చుటకు సిద్ధపడితిమి. వీధిలో పశువులను తోలుకొని పోవుచున్న ఒక వృద్ధుడు నిలిచి, "సామీ, ఈడ వంక పారతా ఉండె. వానకాలంలో ఒకతూరి వచ్చి సూసుకోండి" అనెను. మే మాగితిమి. కార్తికమున మరల పోగా, ఆ వీధిలో మోకాలి లోతు నీరు నిలిచి యుండెను. ఆ వృద్ధునికి మేము నేటికిని ఋణపడి యున్నాము.

తిరుపతికి ఉత్తరమున శేషాచలము, దక్షిణమున స్వర్ణముఖి. కొండమీద కురిసిన వాన ఊరి మీదుగా దిగి యేటిలో కలియవలెను. ఆ దారిలో నున్న వంకలు, కాలువలు, చెరువులు పూడ్చి యిండ్లు కట్టినచో నీరు తన దారిని మరువదు. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షములకు తిరుపతి వీధులు కాలువలైనవి. స్వర్ణముఖి యొడ్డున ఇండ్లు కోసుకొనిపోయినవి. రాయలచెరువు కట్టకు గండి పడునను భయముతో క్రింది గ్రామముల ప్రజలను ఖాళీ చేయించిరి. మన ప్రాంతమున పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనముల కాలమున, అనగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చును. ఇండ్ల బేరములు, గృహప్రవేశ ముహూర్తములు మాఘము నుండి వైశాఖము వరకు విశేషముగా జరుగును. అప్పుడు నేల యెండి యుండును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

కావున మా సలహా యొక్కటి. క్రొత్త యింటిని రెండు కాలములలో చూడుడు. కార్తికమున నీరు పోవు దారి చూడవలెను; వైశాఖమున నీరు వచ్చు దారి చూడవలెను. చిత్తూరు వంటి ఊరిలో ఎండకాలమున బోరు ఎండినచో ట్యాంకరే దిక్కు. బోరు ఎన్ని అడుగులు, నిరుడు మే నెలలో ప్రక్క యింటి బోరు ఎట్లుండెను అని ఇరుగుపొరుగు వారిని అడుగుటకు మొగమాటము వలదు. రెండు కాలములు ఆగుట సాధ్యము కానిచో, ఆ వీధిలో పదేండ్లుగా నున్న వారి నోటనైనను ఈ రెండు సంగతులు వినవలెను.

ఇక నేలకు సంబంధించిన పత్రములు. సర్వే నంబరును పట్టుకొని గ్రామ పటములోను, రీసెటిల్మెంటు రిజిస్టరులోను అది పూర్వము పట్టా భూమియా, వంక పోరంబోకా, చెరువు పోరంబోకా అని చూడవలెను. మన వైపు డి.కె.టి. పట్టా లనబడునవి పేదలకు ప్రభుత్వ మిచ్చిన భూములు. 1977 నాటి చట్టము వాని అమ్మకమును నిషేధించినది. 2023 లో కొంత సడలింపు వచ్చినను, అది ప్రతి భూమికి వర్తించునని తలపరాదు. దేవాలయముల భూములు, మఠముల భూములు మరియొక విషయము. 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ పరిపాలన నెరపిన హథీరాంజీ మఠమునకు ఈ ప్రాంతమున భూములు కలవు. ఇట్టివి దేవాదాయ చట్టమునకు లోబడినవి. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింద నుంచిన నిషేధిత జాబితాలో మన సర్వే నంబరు లేదని నిర్ధారణ చేసికొనిన పిమ్మటనే బయానా ఈయవలెను.

ఇ.సి. తీసికొంటిమి గదా అని నిశ్చింతగా నుండరాదు. అది రిజిస్టరైన వ్యవహారములనే చూపును. రిజిస్టరు కాని వీలునామా, నోటి మాటగా జరిగిన పంపకము, వారసుల తగవు అందు కానరావు. ముప్పది యేండ్ల మూలపత్రములను న్యాయవాదికి చూపుట మేలు. ఆయనకిచ్చు రుసుము ఇంటి ధరలో ఎంత?

కట్టడమును పరీక్షించుటకు అందరును ఇంజనీర్లు కానక్కరలేదు. గోడను వ్రేళ్ళతో తట్టినచో, పూత సరిగా పట్టని చోట బోలు శబ్దము వచ్చును. స్నానపు గదిలో ఒక బక్కెట నీరు కుమ్మరించి, నీరు తూము వైపు పోవుచున్నదో తలుపు వైపు వచ్చుచున్నదో చూడవలెను. మిద్దె పైకెక్కి వాననీటి గొట్టములు, వాలు చూడవలెను. కాంక్రీటునకు వారము పది దినములైనను తడి యారకుండ నీరు పట్టవలెను. మన యెండలలో దీనికి తొందరపడిన పనివాని తప్పు తరువాత బీటలై బయటపడును. మంజూరైన నక్షాను, కట్టిన యింటిని ప్రక్కప్రక్కన పెట్టి, విడువవలసిన ఖాళీ స్థలము విడిచిరా, అనుమతి లేని అంతస్తు వేసిరా అని చూచుట అన్నిటికన్న ముఖ్యము.

చట్టము మనకు కొంత అండగా నున్నది. 2016 లో వచ్చిన రెరా చట్టము ప్రకారము, ఒప్పందము రిజిస్టరు కాకుండ ధరలో నూటికి 10 కి మించి బయానా పుచ్చుకొనరాదు. ఇల్లు స్వాధీనము చేసిన 5 సంవత్సరములలోపల కట్టడపు లోపము బయటపడి, మనము తెలియజేసినచో, కట్టినవారే 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. అయితే 500 చదరపు మీటర్లకు మించని స్థలములోని కట్టడములకు, ఎనిమిదికి మించని ఫ్లాట్లకు రెరా నమోదు అవసరము లేదు. మన ఊళ్ళలోని చిన్న కట్టడములు పెక్కు ఈ కోవకే చెందును. కనుక అట్టివి కొనునపుడు, లోపములు సరిచేయు బాధ్యతను ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను. నోటి మాట రంగు ఆరక మునుపే మాసిపోవును.

కొలత విషయమునను మెలకువ యుండవలెను. తిరుపతి వైపు అంకణమనగా 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72. 2022 లో తిరుపతి జిల్లా యేర్పడినపుడు నెల్లూరు జిల్లా ప్రాంతములు కొన్ని ఇందులో చేరినవి. కావున అంకణములతో బేరమాడినను, పత్రములో చదరపు గజములే వ్రాయించుట క్షేమము.

కొందరు వాస్తు చూచి, ముహూర్తము చూచి, నేలను మాత్రము చూడరు. ఈశాన్యము పెరిగినదా అని అడుగు శ్రద్ధలో సగమైనను, ఈ నీరెటు పోవునని అడుగుటయందు చూపుదము. జీవితకాలపు సంపాదన ఒక్క సంతకముతో చేతులు మారునపుడు ఆరు నెలలు ఆగుట ఆలస్యము కాదు. గృహప్రవేశము నాడు పొయ్యిమీద పాలు పొంగవలెను గాని, కార్తికమున నట్టింట నీరు పొంగరాదు.