చిన్న విమానపు రేడియోలో ఇంజను గరగర
(విజ్ఞాన ప్రసంగ పాఠము)



రేడియోకు ప్రతి ఇంటా గౌరవస్థానం ఉన్న రోజులలో ముళబాగిలు వాసులకు ఒక అనుభవం నిత్యమూ ఉండేది. మీడియం వేవ్‌లో కడప కేంద్రం వార్తలు సాగుతూ ఉండగా వీధిలో ఒక మోపెడ్ పోయేది. వార్తలు చదివేవారి గొంతులో టకటకమని చప్పుడు కలిసేది. బండి సందు తిరిగితే ఆ చప్పుడూ ఆగేది. తలుపులు మూసినా అది తగ్గేది కాదు. ఏలననగా అది గాలిలో వచ్చిన శబ్దం కాదు. రేడియో యాంటెనాయే పట్టి తెచ్చిన శబ్దం.

దీని మూలం పాఠ్యపుస్తకంలోనే ఉన్నది. 1887లో జర్మనీ దేశంలో హైన్రిక్ హెర్ట్జ్ రెండు లోహపు గుండ్ల మధ్య విద్యుత్ నిప్పురవ్వను పుట్టించి, దాని నుండి వెలువడిన తరంగాలను గదిలో మరొకచోట పట్టి చూపించాడు. పెట్రోలు ఇంజనులోని స్పార్కు ప్లగ్గు చేసే పని కూడా అదే. వేల వోల్టుల ఒత్తిడితో చిన్న సందులో రవ్వ దూకుతుంది. దానితో ఇంధనం మండుతుంది, దానితోపాటే రేడియో తరంగమూ బయలుదేరుతుంది. ఆ తరంగం ఒక్క పౌనఃపున్యానికి కట్టుబడి ఉండదు. మీడియం వేవ్ మొదలు విమానాలు మాట్లాడుకొనే వి.హెచ్.ఎఫ్. వరకు అంతటా వ్యాపిస్తుంది. ప్రతి స్పార్కు ప్లగ్గూ ఒక చిన్న హెర్ట్జ్ యంత్రమే అనదగును.

అందుచేతనే సున్నితమైన రేడియో పరికరాలు కలవారు ముందుగా స్థలాన్ని వెదుకుతారు. అప్పటి కోలారు జిల్లాలోనే, గౌరిబిదనూరు వద్ద కొండల నడుమ, 1976లో రేడియో దూరదర్శిని పని ప్రారంభించింది. వేయి డైపోల్ యాంటెనాలతో 34.5 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశం నుండి వచ్చే అతి బలహీనమైన తరంగాలను వినేందుకు దానిని నిర్మించారు. 2007 నుండి ఆ తాలూకా చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉన్నది. దూరదర్శినికి నిశ్శబ్దమైన లోయను ఎంచుకోవచ్చు. చిన్న విమానానికి ఆ భాగ్యం లేదు. దాని ఇంజనూ, యాంటెనా కొద్ది అడుగుల ఎడంలోనే ఉంటాయి.

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి విమానంలో టపా తెచ్చినప్పుడు, అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినప్పుడు, ఆ పస్ మాత్ విమానంలో రేడియోయే లేదు. కనుక ఈ చిక్కూ లేదు. తరువాతి కాలంలో బెంగళూరులోనే శిక్షణ విమానాలు తయారయ్యాయి. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి హెచ్.టి.-2 1951లోను, ఫ్లయింగ్ క్లబ్బులకోసం చేసిన పుష్పక్ 1958లోను తొలిసారి ఎగిరాయి. నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ వారి హంస 1993 నవంబరు 17న ఎగిరింది. ముళబాగిలు నుండి మద్రాసు రహదారి పట్టి బెంగళూరు చేరి, నగరం దాటితే జక్కూరు విమాన శిక్షణ మైదానం వస్తుంది. అటువంటి చోట శిక్షణ పొందే యువకునికి, యువతికి తలమీది హెడ్‌సెట్టే సగం గురువు. అందులో గరగర నిండితే పాఠం సగం పోయినట్లే.

అయితే పాఠం మాత్రమే పోతే ఇంతగా చెప్పుకొనే పని లేదు. విమానాలు, విమానాశ్రయాలు 118 నుండి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఎ.ఎం. పద్ధతిలో మాట్లాడుకుంటాయి. సంగీతానికి ఎఫ్.ఎం. మేలైనదని అందరికీ తెలిసినదే. మరి ఆకాశంలో పాత ఎ.ఎం. ఎందుకు నిలిచినది? ఎఫ్.ఎం.లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలవంతుని స్వరం బలహీనుని స్వరాన్ని పూర్తిగా మింగివేస్తుంది. ఎ.ఎం.లో రెండవవాడు ఉన్నాడన్న ఆనవాలైనా చెవికి అందుతుంది. ఈ మేలుకు తగిన కీడూ ఉన్నది. రవ్వల చప్పుడు తరంగపు ఎత్తుపల్లాలలోనే కలుస్తుంది గనుక ఎ.ఎం. రేడియో దానిని మాటతోపాటే వినిపిస్తుంది.

మాట వినబడకపోతే ఏమవుతుందో 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫే విమానాశ్రయంలో లోకం చూసింది. అక్కడ కారణం ఇంజను కాదు. కంట్రోలు టవరు, రన్‌వేపై ఉన్న ఒక విమానం ఒకేసారి మాట్లాడగా, పరుగు మొదలుపెట్టిన రెండవ విమానంలో ఆ మాటలు కీచుమనే ఈల అయ్యాయి. తప్పులు అనేకం కూడి జరిగిన ప్రమాదమది. 583 మంది మరణించారు. ఆ ఈల కింద మునిగినవి కొద్ది మాటలే.

ఇక గరగర వినగానే చాలామంది చేసే పని ఏమిటి? స్క్వెల్చ్ అనే మీటను బిగిస్తారు. బలహీనమైన సంకేతాలను వినిపించకుండా ఆపే తలుపు అది. గరగర ఆగుతుంది, హాయిగా ఉంటుంది. దూరపు టవరు నుండి వచ్చే సన్నని పిలుపు కూడా ఆ తలుపు వెలుపలే నిలిచిపోతుంది. మరికొందరు పాత రేడియో తీసి కొత్తది కొంటారు. కొత్తది మరింత చెవి గలది కావడంతో గరగరను మరింత స్పష్టంగా వినిపిస్తుంది! వైద్యుడు రోగిని చూడకముందే మందు కొనడం వంటిదిది.

చేయవలసిన మొదటి పని వినడమే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతుందనుకొందాము. ప్రతి సిలిండరులోను రెండు చుట్లకు ఒకసారి రవ్వ పుడుతుంది. ఒక మాగ్నెటో నిమిషానికి 4800, అనగా సెకనుకు 80 రవ్వలు పుట్టిస్తుంది. అది చెవికి తుమ్మెద ఝుంకారంలా ఉంటుంది. ఇంజను 600 చుట్లకు దిగితే సెకనుకు 20 రవ్వలే. అప్పుడు విడివిడిగా టకటకలు వినిపిస్తాయి. వేగంతో హెచ్చి తగ్గే ఈ చప్పుడు జ్వలన వ్యవస్థది. అట్లుగాక సన్నని ఈలలా కీచుమంటూ వేగంతో స్థాయి పెరిగితే అనుమానించవలసినది ఆల్టర్నేటరును. పన్నెండు ధ్రువాల త్రీ-ఫేజు ఆల్టర్నేటరు ఒక చుట్టుకు 36 చిన్న అలలు పుట్టిస్తుంది. నిమిషానికి 6000 చుట్లయితే సెకనుకు 3600. లోపలి డయోడు ఒకటి చెడితే ఆ అలలు పెద్దవై, ఈల బొంగురుపోతుంది. రెక్కల చివర మెరిసే దీపాలది మరో తీరు: సన్నగా పైకి లేచి, మెరుపుతోపాటు టప్పుమని తెగి, మళ్ళీ లేస్తుంది. దానికి ఇంజను వేగంతో నిమిత్తమే లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకైనా ఈ లెక్క చెప్పవచ్చు. పిల్లల చెవులు పెద్దల చెవులకంటె చురుకైనవి కూడా.

తరువాత దారి వెదకాలి. ముందు ఇంజను ఆపి, బ్యాటరీ మీద రేడియో ఒక్కటే పెట్టి వినాలి. అప్పుడూ గరగర ఉంటే ఇంజనును నిందించి లాభం లేదు. దీపాలు, ఇంధనపు పంపు, ఇతర పరికరాలు ఒక్కొక్కటే వేసి, తీసి చూడాలి. గరగర ఇంజనుతోనే వస్తున్నదని తేలితే నేలమీద ఇంజను నడుపుతూ రేడియో వెనుక యాంటెనా తీగను విప్పించి వినాలి. చప్పుడు పోతే అది యాంటెనా ద్వారా గాలిలో వచ్చినది. పోకపోతే విద్యుత్తు తీగల ద్వారానో, హెడ్‌సెట్టు తీగల ఎర్తు ద్వారానో లోపలికి పాకినది. యాంటెనా విప్పి ఉన్నంతసేపు మాట్లాడే మీట నొక్కరాదు, రేడియో పాడవుతుంది. వాల్యూము పూర్తిగా తగ్గించినా చప్పుడు అంతే ఉంటే అది రేడియోను దాటి ఆడియో తీగలలో కలిసినదని అర్థం. తన బ్యాటరీతో నడిచే చేతి రేడియో ఒకటి విమానంలో పెట్టుకొంటే మంచి సాక్షి అవుతుంది: విమానపు తీగలతో దానికి సంబంధం లేదు, గాలిలో వచ్చినదే దానికి వినబడుతుంది.

ఆల్టర్నేటరు మీట ఆపగానే ఈల ఆగితే దోషి దొరికినట్లే. జ్వలన వ్యవస్థ విషయం ఇంత సులభం కాదు. విమానపు ఇంజనుకు రెండు మాగ్నెటోలు ఉంటాయి. ఒకటి చెడినా రెండవది నడిపిస్తుంది. నేలమీద పరీక్షించేటప్పుడు తాళాన్ని ఎడమకు తిప్పితే పనిచేసేది ఎడమ మాగ్నెటో, ఆగేది కుడిది. అప్పుడు గరగర పోతే తప్పు కుడిదానిలో ఉన్నది. కొత్తవారు ఇక్కడ తరచు తారుమారు పడతారు. గాలిలో ఉండగా ఈ పరీక్షకు పూనుకోరాదు.

గరగర మాగ్నెటోదని తేలిన తరువాత చూడవలసినవి కొన్నే. ప్లగ్గులకు పోయే తీగలమీద లోహపు జాలీ కవచం ఉంటుంది. రవ్వ పుట్టించిన తరంగాన్ని అది లోపలే బంధిస్తుంది. వేడికి, అదురుకు ఆ జాలీ తెగవచ్చు, దాని కొస మరలు వదులు కావచ్చు, లోపలి ఇన్సులేషను పగిలి రవ్వ పక్కదారి పట్టవచ్చు. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది గనుక, దానిని విమానపు చట్రంతో కలిపే అల్లిక పట్టీ తుప్పుపట్టినా గరగర పుడుతుంది. హంస వంటి విమానానికి ఇంకొక చిక్కు ఉన్నది. దాని ఒడలు లోహం కాదు, నారలతో చేసిన మిశ్రమ పదార్థం. లోహపు చర్మం సహజంగా ఇచ్చే కవచమూ, ఎర్తూ అక్కడ దొరకవు. తీగలతో, జాలీలతో వాటిని కల్పించుకోవాలి.

ఇక మాగ్నెటో నుండి తాళం వద్దకు వచ్చే తీగ. దీని సంగతి కొంత నిదానంగా చెప్పవలసినది. ఇంటి దీపానికి మీట ఆపితే విద్యుత్తు దారి తెగుతుంది. మాగ్నెటో విషయం దీనికి సరిగ్గా విరుద్ధం. మాగ్నెటో తన విద్యుత్తును తానే పుట్టించుకొంటుంది. బ్యాటరీతో దానికి పని లేదు. తాళాన్ని ఆఫ్ చేసినప్పుడు ఈ తీగ మాగ్నెటోను ఎర్తుకు కలుపుతుంది, అప్పుడే రవ్వ ఆగుతుంది. తీగ కలిస్తే మాగ్నెటో నిద్రపోతుంది. తీగ తెగితే మేలుకొనే ఉంటుంది. తాళం ఆఫ్‌లో ఉన్నా, తాళంచెవి జేబులో ఉన్నా, ఎవరైనా ప్రొపెల్లరును చేతితో కొంచెం తిప్పితే చాలు, ఇంజను ఒక్క కొట్టు కొట్టవచ్చు. ఆ ఒక్క కొట్టు ప్రాణం తీయడానికి సరిపోతుంది.

ఈ తీగపై జాలీ చెడినప్పుడు అది చక్కని యాంటెనాగా మారి గరగరను విమానమంతా చల్లుతుంది. జాలీని తెంపిన అదురే రేపు తీగనూ తెంపవచ్చు. అటువంటప్పుడు రేడియోకు ఒక ఫిల్టరు బిగించి గరగరను అణచివేస్తే చెవికి సుఖమే. కాని తెగబోతున్న తీగ గురించి చెప్పే సాక్షి నోరు మూతపడుతుంది. ఫిల్టరు తప్పని కాదు. ఆల్టర్నేటరుకు అది తగిన మందే. మూలం తెలియకముందు దానిని బిగించడమే తగని పని.

మరమ్మతు లైసెన్సు గల మెయింటెనెన్సు ఇంజనీరు చేయవలసినది; పైలటు చేతిపని కాదు. పైలటు చేయగలిగినది, చేయవలసినది, తాను విన్నదానిని వివరంగా వ్రాసి ఇవ్వడం: ఏ వేగం వద్ద, ఏ మీట వేసినప్పుడు, ఏ పౌనఃపున్యం మీద వినబడినది, వానలోనా, ఎండలోనా. "రేడియో బాగులేదు" అనే రెండు మాటలు వర్క్‌షాపులో ఎవరికీ ఉపయోగపడవు.

పని ముగిసిన పిదప ఇంజను నడిపి, రెండు మాగ్నెటోలను ఒకదాని తరువాత ఒకటి పరీక్షించాలి. ఒకదానిని ఆపినప్పుడు ఇంజను వేగం కొంత తగ్గడం సహజం. ఏమాత్రమూ తగ్గకపోతే సంతోషించరాదు; ఆగవలసిన మాగ్నెటో ఆగలేదన్నమాట. చివరగా, తయారీదారు పుస్తకం అనుమతించినచోట, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా తాళాన్ని క్షణకాలం ఆఫ్‌కు తిప్పి, అది తడబడినదని చూసుకొని వెంటనే వెనుకకు తిప్పాలి. తడబడకపోతే విమానాన్ని పక్కకు నిలిపి, ప్రొపెల్లరు దరికి ఎవరూ రాకుండా హెచ్చరిక పలక తగిలించి, ఇంజనీరుకు కబురు పంపాలి.