చెమటకు లెక్క రాయండి

 పట్టాలు అందుకుంటున్న బిడ్డలారా, నేరుగా నా మాటకు వస్తాను.

నేను ఫిజిక్స్ చెప్పే రోజుల్లో సైన్స్ ప్రదర్శనకు ఒక విద్యార్థి పెడల్ తొక్కితే తిరిగే పాత్ర తెచ్చాడు. లోపల తెడ్లు. కరెంటు, గ్యాస్, కట్టెలు ఏవీ అక్కర్లేదు. తెడ్లు చిలికే రాపిడికే పసుపు పాలు వేడెక్కాలి. ఆలోచన చక్కనిది. మిక్సీలో దోసెల పిండి ఎక్కువసేపు తిప్పితే వేడెక్కడం మీరంతా చూసిందే. అయితే చార్టు మీద 'ఇంధన ఖర్చు: సున్నా' అని రాశాడు. తొక్కుతున్నదేమో అతని చెల్లెలు. ఆ పిల్ల చెమటతో తడిసిపోతోంది.

లెక్క వేద్దాం. గ్లాసెడు పాలు, 200 గ్రాములు, 40 డిగ్రీలు పెరగాలంటే దాదాపు 31,000 జౌళ్లు కావాలి. మామూలు మనిషి పెడల్ మీద 75 వాట్లు ఇస్తాడనుకుంటే, వేడి బయటికి పోకపోయినా ఏడు నిమిషాలు తొక్కాలి. పోకుండా ఉండదు కనుక ఇంకా ఎక్కువే. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పావు వంతే పెడల్‌కు చేరుతుంది. అంటే ఆ పిల్ల ఒంట్లోంచి కనీసం 30 కిలోకేలరీలు పోయాయి. ఇంటర్ చదువుతో వేయగలిగిన లెక్క ఇది. డిగ్రీ పట్టా పట్టుకొని కూడా వెయ్యకపోతే ఎట్ల బిడ్డా!

ఇలాంటి లెక్కను మరిచిపోని శాస్త్రవేత్త ఒకాయన ఉన్నాడు. 1798లో ఆ రమ్‌ఫర్డ్ దొర మ్యూనిక్‌లో ఫిరంగి తొలిచే రాపిడితో నీళ్లు మరిగించిన సంగతి వెల్లడించాడు. నిప్పు లేకుండా రెండున్నర గంటల్లో నీళ్లు మరగడం చూసి జనం నోళ్లు తెరిచారు. తిప్పింది గుర్రాలు. ఆ గుర్రాలు తినే మేతను కాలిస్తే ఇంతకంటే ఎక్కువ వేడి వస్తుందని ఆయనే రాశాడు. ఆ నిజాయితీ నాకు ఆ ప్రయోగం కంటే గొప్పగా తోస్తుంది.

మన ఆర్మూర్ పసుపుకు మెరుపు తెచ్చేదీ రాపిడే. ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ములు డ్రమ్ములో ఒకదానికొకటి రాసుకుంటేనే పైపొట్టు పోతుంది. మోటార్లు లేని రోజుల్లో ఆ డ్రమ్మును చేత్తో తిప్పేవారు. విత్తనం, ఎరువు, హమాలీ ఖర్చులు పుస్తకంలోకి ఎక్కుతాయి. మండ, కొమ్ము వేరుచేస్తూ కూర్చున్న అమ్మ కూలి ఎన్ని ఇళ్లలో ఎక్కుతుంది?

ఈ లెక్క ధర అడగడానికీ కావాలి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి నిలిచారు. అడిగింది పసుపు బోర్డు, గిట్టుబాటు ధర. బోర్డు 2025లో వచ్చింది. ధర అడిగేవాడి దగ్గర ఖర్చు లెక్క ఉండాలి. ఇంట్లోవాళ్ల కష్టాన్ని మనమే సున్నా చేసుకుంటే అవతలివాడు ఎందుకు లెక్కగడతాడు? వరి మద్దతు ధర కోసం ఖర్చులు లెక్కగట్టేటప్పుడు కుటుంబ శ్రమకూ విలువ కడతారు. పసుపుకు మీ ఇంట్లో మీరే కట్టండి. ఈసారి తవ్వకం మొదలైన రోజు నుంచి ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో రాయండి. అమ్మ పేరు మొదట రాయండి.