అడుగులెప్పుడు వేస్తుందని అడిగే ముందు

(కాచిగూడలో అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా అమ్మాయికి పదమూడు నెలలు నిండినా అడుగు పడలేదు. అసలు పాకనే లేదు. కూర్చునే జరుగుతూ ఇల్లంతా తిరిగేది. "నువ్వు యూనివర్సిటీ పట్టుకు తిరుగుతుంటే పిల్లకి నడకెలా వస్తుంది?" అన్నారు చుట్టాలు. సోషియాలజీలో డాక్టరేటు ఉన్న నేను కూడా తప్పు నాదేననుకుని ఏడ్చాను. పదిహేనో నెలలో అది తనంతట తానే నడిచింది.

నడక ప్రకృతి సహజం, వయసొస్తే వస్తుంది అంటాం. ఆలస్యమైతే మాత్రం తల్లిని నిలదీస్తాం. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

కెన్యాలో కిప్సిగిస్ తల్లులు పిల్లలకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారు. ఆ పిల్లలు అమెరికా పిల్లలకంటే ముందుగా కూర్చున్నారు, నడిచారు. ఎవరూ నేర్పని పాకడంలో మాత్రం ముందు లేరు. చార్లెస్ సూపర్ 1976లో ఈ సంగతి ప్రచురించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా అయిదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ఇచ్చిన లెక్కల్లో ఒంటరిగా నడవడానికి 8.2 నుంచి 17.6 నెలల దాకా వ్యవధి ఉంది. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే పాకలేదు.

మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? అమ్మమ్మో, నీళ్ళుపోసే మనిషో కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళమీద బోర్లా వేసుకుని నూనె రాస్తుంది. చేతులూ కాళ్ళూ సాగదీస్తుంది. బోర్లా ఉన్న పిల్ల తలెత్తి చూస్తుంది, మెడ నిలుస్తుంది. (ముక్కులో, చెవుల్లో నూనె పొయ్యడం మాత్రం హాని. అది మానిపించాలి.) బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచుతాం. ఇదంతా ఆచారమంటాం గానీ, ఇదొక చాకిరీ. చేసేది స్త్రీలు. దానికి జీతం లేదు, లెక్కా లేదు.

ఆ చాకిరీకి తీరికే లేని తల్లుల సంగతి చూడండి. తార్నాకలో మా ఇంటి వెనక అపార్ట్‌మెంటు కడుతున్నప్పుడు పాలమూరు నుంచి వలస వచ్చినామె తన బిడ్డను రోజంతా చీర ఉయ్యాలలోనే ఉంచేది. కింద దింపితే ఇనప చువ్వలు, సున్నం, నీళ్ళతొట్టి. "నేల మీద వదిలితే బతుకుతదా అమ్మా?" అంది. ఆమెకు పెంపకం తెలియక కాదు. బిడ్డ పొర్లడానికి నాలుగడుగుల శుభ్రమైన నేల లేక.

యాభై మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. అక్కడి స్త్రీలు పదిహేనుమందే. అంటే చట్టం దృష్టిలో వాళ్ళకు పిల్లలే లేరు! పిల్లలు తల్లులకే పుడతారన్నట్టు అందులో స్త్రీలనే లెక్కించారు. 2017 ప్రసూతి చట్ట సవరణ యాభైమంది ఉద్యోగులంటూ మగవాళ్ళనూ లెక్కలో చేర్చింది. అది మంచి అడుగే. కానీ చిన్న పనిచోట్లు అప్పుడూ బయటే ఉండిపోయాయి.

ఏడాదిన్నర దాటినా నడవకపోయినా, వచ్చిన నడక పోయినా వెంటనే డాక్టరుకు చూపించమని చెప్పండి. కానీ ఆ తల్లిని దోషిని చెయ్యకండి. మన అంగన్‌వాడీల్లో బిడ్డ బరువు తూస్తున్నాం. ఇకనుంచి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడుగుదాం: ఈ బిడ్డకు ఆడుకునే నేల ఉందా? తల్లి పనికి పోతే ఎత్తుకునే చేతులు, తండ్రివి కూడా, ఉన్నాయా?

పిల్ల అడుగులెప్పుడు వేస్తుందని తల్లిని అడిగే ముందు, ఆ అడుగుకి చోటెక్కడుందని యజమానినీ, ప్రభుత్వాన్నీ అడుగుదాం.