గేజిని ఎవరూ తిట్టరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

మన బడి గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడగలను. కార్యదర్శిగారు మాత్రం పది నిమిషాలే ఇచ్చి, "పిల్లల్లో షుగర్ గురించి చెప్పు" అన్నారు. నేను డాక్టరుని కాను, థర్మల్ స్టేషన్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుని. 11 ఏళ్లుగా టైప్ 1 డయాబెటిస్ ఉన్న అమ్మాయికి తండ్రిని. మందుల సంగతి మీ డాక్టర్లను అడగండి. తల్లిదండ్రులు చేసే తప్పుల సంగతి నన్నడగండి.

అప్పుడు మా అమ్మాయికి 9 ఏళ్లు. నీళ్లు తెగ తాగుతుంటే ఎండాకాలం కదా అనుకున్నాం. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంటే, అన్ని నీళ్లు తాగితే లేవదా అనుకున్నాం. గౌన్లు వదులైతే, పొడుగు సాగుతోంది అనుకున్నాం. ప్రతిదానికీ ఒక జవాబు దొరికింది. చివరికి వాంతులు పట్టుకుని, రొప్పుతూ ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి పరుగెత్తాం. మీటరులో అంకె రాలేదు, "హై" అని వచ్చింది. అంటే ఆ మీటరు కొలవగలిగిన 600 దాటిపోయిందన్నమాట. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. ఇక్కడున్న టీచర్లకు ఒక్క మనవి. ఏ పిల్లయినా మాటిమాటికీ బాత్రూముకి వెళ్తానంటే, చిక్కిపోతుంటే, వంక పెడుతోందనుకోకుండా ఇంటికి కబురు పెట్టండి. ఒక్క చుక్క రక్తంతో తేలిపోతుంది.

ఇది మిఠాయిలు తిన్నందుకు వచ్చే జబ్బు కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఆ తర్వాత ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు దక్కేవారు కాదు. మా బంధువులు కాకరకాయ పొడి నుంచి తిప్పతీగ దాకా అన్నీ పంపారు. ప్రేమతో పంపారు కాబట్టి తీసుకున్నాం. ఇన్సులిన్ మాత్రం ఒక్క పూట ఆపలేదు.

"ఆడపిల్ల, బయట చెప్పకండిరా" అంది మా అమ్మ. విన్నాం. అమ్మాయి చదివే బడికి కూడా చెప్పలేదు. మా ఆవిడ మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చే నెపంతో వెళ్లి, చాటుగా ఇంజెక్షన్ చేసి వచ్చేది. ఒకరోజు ఆటల పీరియడ్ తర్వాత పిల్లకు షుగర్ పడిపోయింది. చెమటలు పట్టి ఏదేదో మాట్లాడుతుంటే, టీచరు అల్లరనుకుని నిలబెట్టారు. ఆవిడ తప్పేముంది? మేం చెబితే కదా తెలిసేది! మా అమ్మాయి మాత్రం పక్క బెంచీ స్నేహితురాలికి ఎప్పుడో చెప్పుకుందట. ఆ పిల్లే సంచిలోంచి గ్లూకోజు తీసి తినిపించింది. మర్నాడే బడికి వెళ్లి కాగితం రాసిచ్చాం: షుగర్ 70 కన్నా తగ్గితే మూడు చెంచాల గ్లూకోజు, 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష, ఒంటరిగా ఎక్కడికీ పంపవద్దు, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి అని. 2017లో సీబీఎస్‌ఈ వాళ్లు ఇలాంటి పిల్లల్ని చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్లసీసాతో పరీక్ష హాల్లోకే రానిచ్చారు. మామూలు క్లాసులో అభ్యంతరం దేనికి?

ఇక నా ఘనకార్యం చెప్పాలి. ఇంట్లో ఒక రిజిస్టరు తెరిచాను. ఎన్ని ఇడ్లీలు, ఎన్ని యూనిట్లు, రోజుకు ఆరు రీడింగులు. ఎక్కువ వచ్చినవాటికి ఎర్రపెన్నుతో గీత. 250 వస్తే "ఏం తిన్నావు?" అని నిలదీసేవాణ్ణి. రెండేళ్లకు రిజిస్టరు చూడముచ్చటగా తయారైంది: 110, 124, 118. అప్పుడు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 11 వచ్చింది. రిజిస్టరు నిజమైతే 6 దాటకూడదు. "మీ ల్యాబు మిషన్ సరిగ్గా ఉందా?" అని డాక్టరుగారినే అడిగాను. ఆయన మాట్లాడకుండా మా మీటరు తీసుకుని మెమరీ నొక్కారు. 287, 312, 265. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుకి ఆ బటను నొక్కాలని తట్టలేదు చూడండి!

రిజిస్టరులోవన్నీ మా అమ్మాయి కల్పించినవే. ఎందుకమ్మా అంటే, "ఎక్కువ వస్తే నీ మొహం అదోలా అయిపోతుంది నాన్నా" అంది.

బాయిలర్ డ్రమ్ లెవెల్ పెరిగిందని నా సర్వీసులో ఏ రోజూ గేజిని తిట్టలేదు. ఫీడ్ వాటర్ చూస్తాం, వాల్వు చూస్తాం. ఇంట్లో మాత్రం పదకొండేళ్ల పిల్లని, అంకె చెప్పినందుకు తిట్టాను. తిండి ఒక్కటే కారణమనుకోవడం కూడా తెలివితక్కువే. జ్వరానికి పెరుగుతుంది, పరీక్షల భయానికి పెరుగుతుంది, ఎదిగే వయసులో ఊరికే పెరుగుతుంది. బాగా ఆడిన రోజు అర్ధరాత్రి పడిపోతుంది. ఒకేచోట పొడుస్తుంటే చర్మం కింద గడ్డలా అయి మందు సరిగా ఎక్కదు.

ఎర్రపెన్ను పారేశాను. అంకె ఎంత వచ్చినా "ఇప్పుడేం చేద్దాం?" అని మాత్రమే అడగాలని మేమిద్దరం ఒట్టు పెట్టుకున్నాం. నా మొహం దారికి రావడానికే ఆరు నెలలు పట్టింది. నిజం అంకెలు రాయడానికి తనకు అంతకంటే ఎక్కువ పట్టింది. 11 కాస్తా 8 దగ్గరికి రావడానికి ఏడాదిన్నర. అలాగని పూర్తిగా వదిలేయనూలేదు. పన్నెండో ఏట తనే పొడుచుకోవడం మొదలుపెట్టినా, పదో తరగతి అయ్యేదాకా డోసు లెక్క వేసేటప్పుడు మాలో ఒకరం పక్కన కూర్చున్నాం. పెద్దదైందిగా అని పదమూడేళ్లకే అన్నీ పిల్లకు అప్పజెప్పి, ఆనక ఆసుపత్రి పాలైన కుటుంబాలను క్లినిక్ బెంచీ మీద చూశాను.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి పిల్లలుంటే భోజనాల దగ్గర కలవండి. నాకంటే మా అమ్మాయి బాగా చెబుతుంది. అదిగో, వెనక వరసలో కూర్చుంది. ఇవాళ వడ్డనలో బూరెలున్నాయట. యూనిట్లు లెక్కేసుకుని రెండు తింటానని పొద్దున్నే చెప్పింది. దయచేసి ఎవరూ "నీకు షుగర్ కదమ్మా" అని విస్తరిలోంచి తీసేయకండి.

సెలవు.